ట్రాక్టరు టైర్లలో నీళ్లు: డెల్టా రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గోదావరి డెల్టాలో రాజోలు వైపు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక, ఏప్రిల్‌లో, మా వీధి చివర కుళాయి దగ్గర ట్రాక్టర్లు వరుసగా ఆగుతాయి. వెనక టైర్లలో నీళ్లు పోయించుకోవడానికి. మళ్లీ జూన్‌లో అవే ట్రాక్టర్లు ఆ నీళ్లు తీయించుకోవడానికి రావాలి. కానీ సగం మంది రారు. సొంత ట్రాక్టరు నడుపుతున్నాను, నాలుగు రెంచీలు తిప్పడమూ తెలుసు కనుక అందరూ నన్నే అడుగుతారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: డెల్టాలో వరి పొలం చేసే ట్రాక్టరుకు టైర్లలో నీళ్లు ఏడాదికి రెండు నెలలకు మించి అక్కర్లేదు. మిగతా పది నెలలు అది మోత బరువే. కొబ్బరి తోటల వాళ్ల లెక్క వేరు, అది కింద చెప్పాను.

అసలు టైర్లలో నీళ్లు ఎందుకు పోస్తారు?

ఇంజను బలం నేలకు అందేది వెనక టైర్ల పట్టు వల్లనే. పట్టు లేకపోతే నలభై అయిదు హార్స్ పవర్ ఉన్నా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. డీజిలు కాలుతుంది, టైరు గుబ్బలు అరుగుతాయి, నాగలి మాత్రం కదలదు. వెనక చక్రాల మీద బరువు పెంచితే పట్టు పెరుగుతుంది. పొడి, గట్టి నేలలో వంద కిలోలు పెంచితే లాగే బలం సుమారు యాభై కిలోలు పెరుగుతుందని లెక్క వేసుకోవచ్చు. చిత్తడి నేలలో అంత రాదు.

ఆ బరువు ఇనుప దిమ్మల రూపంలో వేసుకోవచ్చు, నీళ్ల రూపంలోనూ వేసుకోవచ్చు. నీళ్లకు డబ్బు ఖర్చు లేదు. పైగా నీళ్లు టైరు లోపల అడుగునే ఉంటాయి కనుక వాటి బరువు ఇరుసు మీద పడకుండా నేరుగా నేల మీద పడుతుంది. ట్రాక్టరు గురుత్వ కేంద్రం కూడా కిందికి దిగుతుంది.

చలి దేశాల్లో నీళ్లలో ఏదో ఉప్పు కలుపుతారట. మనమూ కలపాలా?

అక్కర్లేదు. కలపకూడదు కూడా. అమెరికా, కెనడా వంటి చోట్ల శీతాకాలంలో ఉత్త నీళ్లు టైరులోనే గడ్డకట్టి దిమ్మ అవుతాయి. దాని మీద బండి నడిపితే ట్యూబు చిరుగుతుంది. అందుకని కాల్షియం క్లోరైడు కలుపుతారు. బాగా కలిపిన ద్రావణం సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోయినా గట్టిపడదు. నీటికంటే ఐదో వంతు దాకా బరువు కూడా ఎక్కువ. కాని చుక్క కారిందంటే ఇనుమును తినేస్తుంది. అందుకే అక్కడ కూడా చాలామంది దాన్ని వదిలి ప్రొపిలీన్ గ్లైకాల్, మిథనాలు కలిపిన నీళ్లు, చక్కెర దుంప రసం వంటి వాటికి మారారు. మంచు తోయడానికి, పచ్చిక కోయడానికి వాళ్లకు ట్రాక్టరు జారకూడదు. నీళ్లు గడ్డకట్టకూడదు.

మన దగ్గర మంచు అంటే ధనుర్మాసంలో గడ్డి పరకల మీద నిలిచే బిందువులు. టైరు లోపల నీళ్లను అది ఏమీ చేయలేదు. ఉత్త మంచినీళ్లు చాలు.

తణుకు వైపు బంధువొకరు, దుంప రసం సంగతి విని, చక్కెర మిల్లు మడ్డి (మొలాసిస్) పోసుకోవచ్చా అని అడిగారు. ఆలోచన బాగానే ఉంది. కాని ఆ రసం టైర్ల కోసమే తయారుచేసి అమ్మే సరుకు. మన ఎండకు నీళ్లు కలిసిన మడ్డి పులిసి గాలి పుట్టిస్తుంది. టైరులో కల్లుకుండ పెట్టుకున్నట్టే.

ఏ టైరులో ఎన్ని లీటర్లు పడతాయి?

టైరు పక్కన రాసి ఉన్న అంకె చూడండి. 13.6-28 అంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు. ముప్పాతిక వంతు నింపితే సుమారుగా 12.4-28 టైరులో 160 లీటర్లు, 13.6-28లో 200, 14.9-28లో 250, 16.9-28లో 325 పడతాయి. కంపెనీని బట్టి పది పదిహేను లీటర్లు అటూ ఇటూ అవుతుంది.

గుర్తుంచుకోవడానికి తేలిక దారి ఉంది. మన దొడ్లో ఉండే నూనె డ్రమ్ము 200 లీటర్లది. 13.6-28 టైరుకు ఒక నిండు డ్రమ్ము. రెండు టైర్లకు రెండు డ్రమ్ములు, అంటే నాలుగు వందల కిలోలు. మామూలు నలభై అయిదు హార్స్ పవర్ ట్రాక్టరు రెండు టన్నుల చుట్టూ ఉంటుంది కనుక దాని బరువులో ఐదో వంతును ఒక్క ఉదయంలో పెంచుతున్నారన్నమాట.

పూర్తిగా నింపితే ఇంకా బరువు వస్తుంది కదా?

వస్తుంది. టైరు బండరాయి కూడా అవుతుంది. గాలి నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకోవు. చక్రం గట్టు అంచున, కల్వర్టు మూలన దబ్బున పడినప్పుడు దెబ్బను మింగడానికి లోపల కొంత గాలి ఉండాలి. లేకపోతే ఆ దెబ్బ టైరు దారాలకూ మీ నడుముకూ తగులుతుంది. ముప్పాతిక దగ్గర ఆపడానికి కొలత కూడా అక్కర్లేదు: వాల్వును నెత్తి మీదికి, అంటే గడియారంలో పన్నెండు అంకె దగ్గరికి తెచ్చి నింపితే, వాల్వులోంచి నీళ్లు బయటికి వచ్చినప్పుడు టైరు ముప్పాతిక నిండినట్టు.

పోసే పద్ధతి ఏమిటి?

ఒకసారి పక్కన ఉండి చూస్తే తర్వాత మీరే చేసుకుంటారు. మెట్ట నేల, గట్టి నేల చూసి ట్రాక్టరు నిలపండి. గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా దుంగలు అడ్డం వేయండి. జాకీ కింద పలక తప్పనిసరి. మన ఒండ్రు నేలలో ఉత్త జాకీ చూస్తుండగానే దిగిపోతుంది. వెనక చక్రం నేల వదిలి రెండు వేళ్లు లేస్తే చాలు. ఇరుసు కింద ఇంకో దుంగల దొంతి పెట్టాకే చేతులు లోపలికి పెట్టండి.

గేరు తీసి, చక్రం తిప్పి వాల్వును పైకి తెచ్చి, మళ్లీ గేరు వేయండి. మన పెద్ద టైర్ల ట్యూబులకు సాధారణంగా ఉండే వాల్వు గాలికీ నీళ్లకూ పనికొచ్చేదే. దాని లోపలి పిన్ను ఒక్కటే కాదు, పిన్ను కూర్చున్న ఇత్తడి ముక్క మొత్తం మర తిప్పితే ఊడి వస్తుంది. ముందు పిన్ను తీసి గాలి అంతా పోనివ్వండి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే ఇత్తడి ముక్క తీయాలి. తొందరపడితే అది తూటాలా ఎగిరిపోతుంది. నేను ఒకటి గడ్డివామిలో పోగొట్టుకున్నాను. తీసిన ముక్కలు జేబులో కాకుండా ఒక గిన్నెలో వేయండి.

తర్వాత నీళ్లు పోసే బుడిపె బిగించాలి. ట్రాక్టరు విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. దానికి పక్కన చిన్న గాలి రంధ్రం ఉంటుంది. నీళ్లు లోపలికి పోతుంటే లోపలి గాలి దాని గుండా బయటికి వస్తుంది. అది లేని ఉత్త గొట్టం పెడితే కాసేపు పోయాలి, గొట్టం తీసి గాలి వదలాలి, మళ్లీ పోయాలి. పని అవుతుంది కాని పూట పడుతుంది. డాబా మీద ట్యాంకు నుంచి దిగే ఒత్తిడి చాలు. పొలం మోటారు గొట్టాన్ని నేరుగా తగిలించవద్దు, ట్యూబు ఉబ్బి ఎక్కడో ఒకచోట మడత పడుతుంది.

డ్రమ్ము పెట్టుకుని పోయడమే నాకు ఇష్టం, ఎన్ని లీటర్లు పోయాయో కళ్ల ముందు తెలుస్తుంది. మా అబ్బాయి డ్రమ్ము దగ్గర, నేను వాల్వు దగ్గర. సగం దాటాక టైరు మీద చెయ్యి పెడితే కింది భాగం చల్లగా, పైభాగం ఎండకు వెచ్చగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత మెల్లగా పైకి ఎక్కడం అరచేతికే తెలుస్తుంది. చివరికి గాలి రంధ్రంలోంచి ముందు తుంపర, తర్వాత సన్నటి ధార. అక్కడ ఆపాలి. ఇత్తడి ముక్క, పిన్ను బిగించి గాలి కొట్టి, జాకీ దింపి, రెండో వైపు మొదలుపెట్టాలి. రెండు టైర్లకూ సమానంగా పోయండి. ఒకదానిలో డ్రమ్ము, ఇంకోదానిలో సగమయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఏ నీళ్లు పోసినా ఒకటేనా?

ఒకటి కాదు. ఈ ప్రశ్నకు నేను రిమ్ము పోగొట్టుకుని జవాబు నేర్చుకున్నాను.

మొదటిసారి పోసినప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి. దగ్గరలో ఉన్నది రొయ్యల చెరువు గట్టు మీద బోరు. సముద్రం వైపు ఊళ్లలో ఆ బోర్ల నీళ్లు నోట పెట్టలేం. టైరులోకే కదా, తాగడానికి కాదు కదా అనుకుని రెండు వైపులా నింపేశాను. ట్యూబు లోపల ఉన్నంతవరకు ఆ ఉప్పు ఏమీ చేయలేదు. ఎడమ చక్రం వాల్వు మొదట్లో తడి కారుతూ ఉందని మాత్రం నాకు తెలియలేదు. రెండేళ్ల తర్వాత పంక్చరు పడి టైరు విప్పితే, వాల్వు రంధ్రం చుట్టూ అరచేయంత మేర రిమ్ము పొరలు పొరలుగా లేచింది. అప్పడం విరిగినట్టు విరిగింది. స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కితే అవతలికి దిగింది. వెల్డింగు చేయించినా నిలవలేదు, కొత్త రిమ్ము వేయించాల్సి వచ్చింది. కాల్షియం క్లోరైడుతో చలి దేశాల వాళ్లు పడే బాధను నేను ఉప్పునీళ్లతో ఉచితంగా కొనుక్కున్నాను.

కాలువ నీళ్లు, వాననీళ్లు, పంచాయతీ కుళాయి నీళ్లు ఏవైనా మంచివే. కాలువ నీళ్లయితే ఒక రాత్రి డ్రమ్ములో తేర్చి, పైన తేటను పోయండి. బురద లోపలికి పోతే వాల్వు పిన్నుకు అడ్డుపడుతుంది. కాలువలు కట్టేసే ముందే రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకుంటే ఏప్రిల్ చివర నాలాగా రొయ్యల చెరువు వైపు చూడనక్కర్లేదు.

దమ్ము చేసేటప్పుడు (నాట్లకు ముందు మడిని నీళ్లతో బురదగా దున్నేటప్పుడు) టైర్లలో నీళ్లు ఉండాలా, తీసేయాలా?

తీసేయాలి. అందరికంటే ఎక్కువగా వాదించేది ఈ విషయంలోనే. “బరువుంటే పట్టు ఉంటుందని మీరే అన్నారు, దమ్ములోనే కదండీ చక్రం ఎక్కువ జారేది” అంటారు. నిజమే. అయితే గట్టి నేలలో చక్రం జారడానికి కారణం వేరు, బురదలో జారడానికి కారణం వేరు. గట్టి నేలలో టైరుకు పట్టుకోవడానికి నేల ఉంది, నొక్కే బరువు లేదు. బురదలో పట్టుకోవడానికి నేలే లేదు. అక్కడ బరువు పెంచితే పట్టు రాదు, బండి దిగబడుతుంది.

వరి మడిలో జానెడు లోతున గట్టి పొర ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి దమ్ము చేయగా ఏర్పడినది. నీళ్లు కిందికి ఇంకకుండా ఆపేదీ అదే, ట్రాక్టరును మోసేదీ అదే. నాలుగు వందల కిలోల అదనపు బరువుతో తడి నేలలో తిరిగితే ఆ పొర తెగుతుంది. తెగినచోట ట్రాక్టరు ఇరుసు దాకా కూర్చుంటుంది. మరుసటి ఏడు కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. బయటికి లాగడానికి వచ్చిన రెండో ట్రాక్టరు దాని పక్కనే కూర్చోవడం మీరూ చూసే ఉంటారు.

దమ్ములో పట్టు ఇచ్చేవి దమ్ము చక్రాలు. వాటి ఇనుప పట్టీలు బురదను తెడ్డులా వెనక్కి తోస్తాయి, వెడల్పు వల్ల బండి మునగదు. తారు రోడ్డు మీద వాటితో నడపకూడదు కనుక పొలం గట్టు దగ్గరే టైర్లు విప్పి బిగించుకుంటాం. ఆ విప్పే పనిలోనే అసలు చిక్కు ఉంది. ఉత్త టైరును ఇద్దరు మనుషులు పట్టుకుని దొర్లించగలరు. రెండు వందల లీటర్ల నీళ్లున్న టైరు ఒరిగిందంటే ఆపడం నలుగురి వల్ల కూడా కాదు, కాలు మీద పడితే ఎముక మిగలదు. కనుక చక్రం నట్టు వదులు చేయడానికి ముందే నీళ్లు తీసేయండి.

అయితే మా ఏడాదిలో నీళ్లు ఎప్పుడు ఉండాలి?

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలేది సాధారణంగా జూన్‌లో. అక్కడి నుంచి సార్వా (మొదటి పంట) దమ్ములు, అప్పుడు టైర్లు ఖాళీగా ఉండాలి. నవంబరు, డిసెంబరు కోతలప్పుడు చేలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ధాన్యం మోయడానికి మెత్తటి చేలోకి దిగే బండికి బరువు శత్రువే. ఆ వెంటనే దాళ్వా దమ్ములు. ఏప్రిల్‌లో దాళ్వా కోసి, చేలు నెర్రెలు విచ్చి, నేల ఇటుకలా గట్టిపడినప్పుడు వేసవి దుక్కి. ఆ దుక్కికి నీళ్లు కావాలి. ఆ వేసవిలోనే మట్టి తోలకాలు, మెరక పనులు కూడా ఉంటాయి. ఏప్రిల్ మధ్యలో పోసి, కాలువలకు నీళ్లు వదిలే కబురు తెలియగానే తీసేయడం నా పద్ధతి. వేసవి దుక్కి చేయని వాళ్లు అసలు పోయనే అక్కర్లేదు.

నా బండికి బరువు అవసరమో కాదో ఎలా తెలుస్తుంది?

ఒక సుద్దముక్క, ఒక టేపు ఉంటే చాలు. వెనక టైరు పక్కన సుద్దతో గీత గీయండి. చేలో నాగలి పైకెత్తి నడుపుతూ చక్రం పది చుట్లు తిరిగేసరికి ఎంత దూరం పోయిందో కొలవండి. 13.6-28 టైరుకు అది నలభై మీటర్ల దగ్గర వస్తుంది. ఇప్పుడు అదే చేలో, అదే గేరులో నాగలి దించి మళ్లీ పది చుట్లు నడపండి. ఈసారి ముప్పై నాలుగు మీటర్లే పోయిందనుకోండి. ఆరు మీటర్లు జారుడుకు పోయాయి, అంటే పదిహేను శాతం. దుక్కిలో పది నుంచి పదిహేను శాతం జారుడు ఉండటం మంచిదే. ఇరవై దాటితే బరువు తక్కువైనట్టు. అయిదు శాతం కూడా జారకపోతే బరువు ఎక్కువైనట్టు. అప్పుడు ఆ భారమంతా గేరుబాక్సు మోస్తుంది.

కొలిచే ఓపిక లేకపోతే టైరు అచ్చు చూడండి. గుబ్బల అచ్చు అప్పచ్చుల మీద ముద్ర వేసినట్టు స్పష్టంగా ఉంటే బరువు ఎక్కువ. మొత్తం చెరిగిపోయి గాడిలా ఉంటే తక్కువ. అంచులు తెలుస్తూ మధ్యలో చెదిరి ఉంటే సరిపోయింది. గుబ్బలే అరిగిపోయిన టైరులో గోదారి మొత్తం పోసినా పట్టు రాదు. మొదట ఆ టైర్లు మార్చండి.

రోటావేటరుకు?

అవసరం లేదు. గొర్రు, నాగలి వెనక్కి లాగుతాయి. రోటావేటరులో గిర్రున తిరుగుతూ మట్టిని కోసే కత్తులు బండిని ముందుకు తోస్తాయి. లాగుడే లేనప్పుడు వెనక పట్టు దేనికి? రోటావేటరు బరువుకు ముందు భాగం తేలిపోతుంటే బంపరుకు ఇనుప దిమ్మలు తగిలించండి.

ఇసుక, ఇటుకల ట్రాలీ లాగేటప్పుడు ముందు చక్రాలు లేస్తున్నాయి. వెనక నీళ్లు పోస్తే ఆగుతాయా?

ఆగవు. దయచేసి ఈ జవాబు రెండుసార్లు చదవండి.

ముందు భాగం లేచేటప్పుడు ట్రాక్టరు వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ ఇరుసు దగ్గరే మీరు పెంచిన బరువు ముందు భాగాన్ని కిందికి అదిమిపెట్టలేదు. పైగా ప్రమాదం పెరుగుతుంది. నీళ్లు లేనప్పుడు ఏటవాలులో భారం మించితే చక్రం జారి బండి ఆగిపోయేది. నీళ్లు పోశాక చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది, జారదు. ఇంజను బలం ఎటూ పోలేక ముందు భాగాన్ని పైకెత్తుతుంది. జారుడు ఒక రకంగా కాపలా. ఆ కాపలాను మనమే తీసేశాం.

మా ఊరి కాలువ గట్టు ఎక్కుతూ ఇటుకల లోడుతో ఒక బండి ముందు చక్రాలు మోకాలెత్తు లేవడం నేను చూశాను. అంతకు వారం ముందే వెనక టైర్లలో నీళ్లు నింపిన బండి అది. ముందు చక్రాలు గాలిలో తాపీగా తిరుగుతున్నాయి, నడిపేవాడి చేతిలో స్టీరింగు ఊరికే తేలిపోతోంది. అతను తడబడకుండా క్లచ్చి తొక్కాడు కనుక ముందు భాగం దబ్బున దిగింది. బండి లోడుతో సహా వెనక్కి జారి గట్టు కింద తుమ్మ మొద్దుకు ఆనింది. దిగి వచ్చి ఆ మొద్దు మీదే కూర్చున్నాడు, చాలాసేపు లేవలేదు.

ఇలాంటి పనికి కావలసింది ముందు బంపరు దిమ్మలు. ముందు ఇరుసుకు కూడా ముందుగా ఉంటాయి కనుక తక్కువ బరువే ఎక్కువ పని చేస్తుంది. ట్రాలీని కింది కొక్కేనికే తగిలించండి, పైన ఎక్కడా కట్టవద్దు. గట్టు ఎక్కేముందే చిన్న గేరు వేయండి, మధ్యలో క్లచ్చి వదిలి కుదుపు ఇవ్వవద్దు. వీటన్నిటికంటే ముందు, లోడు తగ్గించండి.

ముందు టైర్లలో నీళ్లు పోయవచ్చా అని కూడా అడుగుతారు. ఇంజను బలం వెనక రెండు చక్రాలకే అందే బండికి ముందుండే 6.00-16 టైరులో పాతిక లీటర్లకు మించి పట్టవు. ఆ శ్రమకు ఒక దిమ్మ తగిలించడం నయం.

కొబ్బరి తోటలో గడ్డి కోయడానికి నీళ్లు మంచివేనా?

ఏడాది పొడవునా నీళ్లు ఉంచుకోమని నేను చెప్పేది వీళ్లకే, అదీ కొన్ని తోటలకే. కోనసీమ తోటల్లో వరుసల మధ్య బోదెలు ఉంటాయి, చుట్టూ గట్లు ఉంటాయి. తెల్లవారుజామున తడిసిన గడ్డి మీద, ఒక చక్రం గట్టు వాలులో, ఒక చక్రం కింద పెట్టి గడ్డి కోసే యంత్రం నడిపేటప్పుడు బండి పక్కకు ఒరగకుండా నీళ్ల బరువు నిజంగానే సాయం చేస్తుంది. ఆ బరువు ఇరుసు కంటే దిగువన ఉంటుంది కదా. అయితే ముప్పాతిక వరకు నింపాలి. పావు వంతు పోసి వదిలేస్తే ఆ సాయం అంతంతమాత్రమే. నీళ్లు పోశాం కదా అని ఏ వాలులోనైనా నడపవచ్చనీ కాదు. చక్రాల మధ్య వెడల్పు పెంచుకోవడం నీళ్లకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

కొబ్బరి వేళ్లు ఎక్కువగా పైమీటరు లోతులోనే వ్యాపించి ఉంటాయి. వాన పడిన వారంలో నీళ్ల టైర్లతో అదే దారిన పదిసార్లు తిరిగితే నేల బిగిసి వేళ్లకు గాలి ఆడదు. వరికి కావలసిన గట్టి పొర కొబ్బరికి పనికిరాదు. నేల ఆరేదాకా ఆగండి. తోట చదునుగా ఉండి, గట్లు ఎక్కే పనే లేకపోతే ఉత్త టైర్లతోనే కోసుకోండి. చిన్న ట్రాక్టరు ఉంటే అదే మేలు.

నీళ్లు పోశాక గాలి ఎంత ఉంచాలి?

మీ ట్రాక్టరు పుస్తకంలో ఎంత రాస్తే అంతే. వెనక టైర్లకు పొలం పనిలో మామూలుగా 12 నుంచి 14 పీఎస్‌ఐ ఉంటుంది, ట్రాలీ మోతకు ఇంకొంచెం ఎక్కువ. కొలిచేటప్పుడు వాల్వు పైన ఉండాలి. కింద ఉంటే పైనున్న నీళ్ల ఎత్తు కూడా అంకెలో కలుస్తుంది, గేజీలోకి నీళ్లు పోయి అది తుప్పు పడుతుంది. లోపల గాలి పావు వంతే ఉంది కనుక కొంచెం కారినా అంకె తొందరగా పడిపోతుంది. మామూలు టైరును నెలకోసారి చూస్తే దీన్ని వారానికోసారి చూడాలి.

పంక్చరు పడితే?

పంక్చరు షాపు అబ్బాయికి ముందే చెప్పండి. చెప్పకపోతే వాల్వు విప్పగానే ముఖం మీద కొడుతుంది. రెండేళ్లు నిలవ ఉన్న నీళ్ల వాసన గురించి ఇక్కడ రాయను. నీళ్లు పోస్తే పంక్చరు పడదన్న మాట కూడా విన్నాను. తుమ్మ ముల్లుకు లోపల ఏముందో తెలియదు.

ట్యూబు లేని టైర్లలో పోయవచ్చా?

వాటిలో నీళ్లు నేరుగా రిమ్ముకే తగులుతాయి. ఉత్త నీళ్లయినా తుప్పు తప్పదు. ఇనుప దిమ్మలకే వెళ్లండి.

ఇనుప దిమ్మలు మేలా, నీళ్లు మేలా?

డబ్బుంటే దిమ్మలు. నాలుగు బోల్టులు విప్పితే ఊడతాయి, టైరు మెత్తదనం పోదు, తుక్కుకు వేసినా డబ్బు వస్తుంది. నెలనెలా పని మారే డెల్టాలో అలా తీసి పెట్టుకోగలగడం పెద్ద వరం. నీళ్లు చౌక, అంతే.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. లాగుడు బలాన్ని అక్కడ అదనపు బరువు లేకుండా ఒకసారి, వేసి ఒకసారి కొలుస్తారు. కొత్త బండి కొనేటప్పుడు ఎవరైనా లాగుడు అంకె చెప్పి మురిపిస్తే అది బరువు వేసిన అంకెనా, వేయని అంకెనా అని అడగండి.

నీళ్లు తీయడం ఎలా? వాల్వు కిందికి తిప్పి వదిలేస్తే సరిపోదా?

మూడింట రెండు వంతులు పోతాయి. వాల్వు రిమ్ము దగ్గర ఉంటుంది, టైరు అడుగు దానికంటే కిందికి ఉంటుంది. ఆ అడుగున ఉన్నవి వాటంతట అవి రావు. 13.6-28 టైరులో అవి అరవై డెబ్బై లీటర్లు. తీసేశాం కదా అనుకుని నట్లు విప్పిన వాళ్లకు ఈ అరవై కిలోలే ముప్పు. నీళ్లు పోసే బుడిపెకు సన్నటి గొట్టం ఉన్న రకం దొరుకుతుంది. ఆ గొట్టం టైరు అడుగుదాకా దించి, పక్క నుంచి గాలి కొడితే మిగతావి చిమ్ముకుంటూ వచ్చేస్తాయి. మొక్కల వైపు కాకుండా మురుగు వైపు పెట్టండి.

పాత ట్రాక్టరు కొన్నాను. టైర్లలో నీళ్లున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

కర్రతో టైరు పక్కన పైనుంచి కిందికి కొడుతూ రండి. గాలి ఉన్నచోట డోలులా మోగుతుంది, నీళ్లున్నచోట మూగగా ఉంటుంది. అనుమానం తీరకపోతే వాల్వును కిందికి తెచ్చి, ముఖం పక్కకు పెట్టుకుని, మేకుతో పిన్నును ఒక్క క్షణం నొక్కండి. వచ్చిన నీళ్లు ఎర్రగా ఉంటే, లేదా వాల్వు మొదట్లో తెల్లటి పొడి పేరుకుని ఉంటే, పాత యజమాని బోరు ఏ వైపుదో కనుక్కుని, ఆ టైరు వెంటనే విప్పించి రిమ్ము చూసుకోండి.